విధి నిర్వహణలో ప్రాణార్పణ: మృతుడైన పోలీసును మనం ఎలా స్మరించాలి?



ప్రతి సంవత్సరం అక్టోబరు 21వ తేదీన మన జిల్లా కేంద్రాలలోని పోలీసు పెరేడ్ మైదానాలలో అమరవీరుల సంస్మరణ దినం జరుగుతుంది. 1959లో ఆ రోజున లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పులలో పదిమంది భారత పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. వారి జ్ఞాపకార్థమే ఈ దినం ఏర్పడింది. విధి నిర్వహణలో మరణించినవారి పేర్లు చదువుతారు, తుపాకులు తలక్రిందులుగా పట్టి మౌనం పాటిస్తారు. అది దేశం చేసే స్మరణ. సరిగ్గా పన్నెండు రోజులకు, నవంబరు 2న, మనం సమాధుల తోటకు వెళ్లి కొవ్వొత్తులు వెలిగించి మన మృతుల కోసం ప్రార్థిస్తాం. ఇది శ్రీసభ చేసే స్మరణ.

ఈ రెండు స్మరణలకు సంబంధం ఏమిటి? విధిలో మరణించిన పోలీసును దేశం వీరుడని కీర్తిస్తుంది. శ్రీసభ అతనిని గూర్చి ఏమంటుంది? ఈ వారం ఒక యువ పోలీసు జీవితాన్ని ఆధారం చేసుకొని ఈ ప్రశ్నను ధ్యానిద్దాం.

పాలిదోరోలో జరిగినది

ఆయన పేరు సాల్వో దక్విస్తో. 1920 అక్టోబరు 15న ఇటలీ దేశంలోని నేపుల్స్ నగరంలో కతోలిక కుటుంబంలో జన్మించాడు. 1939లో కరబినియేరి అనే దళంలో చేరాడు. ఇది 1814 నుండి ఉన్న దళం. సైన్యానికి చెందినదే అయినా, ఊరూరా స్టేషన్లు పెట్టుకొని ప్రజల మధ్య పోలీసు పని చేస్తుంది. లిబియాలో కొంతకాలం పనిచేసి గాయపడి తిరిగివచ్చిన సాల్వోను రోము నగరానికి దగ్గరలోని తొర్రింపియెత్రా అనే గ్రామ స్టేషనుకు పంపారు. ఆయనది చిన్న హోదా. మన స్టేషన్లలోని హెడ్ కానిస్టేబుల్ వంటివాడనుకోవచ్చు.

అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. 1943 సెప్టెంబరు 8న ఇటలీ యుద్ధం విరమించినట్లు ప్రకటించగానే, అంతవరకు మిత్రులుగా ఉన్న జర్మన్ సైన్యాలు ఆ దేశాన్ని ఆక్రమించుకున్నాయి. సెప్టెంబరు 22న పాలిదోరో అనే చోట, సముద్రతీరాన ఉన్న పాత బురుజు దగ్గర, జర్మన్ సైనికులు అక్కడ వదిలివేసిన మందుగుండు పెట్టెలను కదిలిస్తుండగా పేలుడు జరిగింది. ప్రాణనష్టం జరిగింది. అది ప్రమాదమే. కాని జర్మన్లు దానిని కుట్ర అన్నారు. దోషి దొరకకపోతే ఊరివారు అనుభవించాలన్నారు.

మరునాడు ఉదయం వారు స్టేషనుకు వచ్చారు. పై అధికారి ఊరిలో లేడు. బాధ్యత సాల్వో మీద ఉన్నది. ఆయనను పట్టుకుపోయారు. ఆ చుట్టుప్రక్కల దొరికిన 22 మంది సామాన్యులను కూడా పోగుచేశారు. విచారణలో సాల్వో, ఇది ప్రమాదమేనని, వీరిలో ఎవరికీ దీనితో సంబంధం లేదని చెప్పాడు. ఎవరూ వినలేదు. బందీలను బురుజు దగ్గరకు తీసుకుపోయి, పారలిచ్చి, తమ గోతిని తామే త్రవ్వుకోమన్నారు.

అప్పుడు సాల్వో జర్మన్ అధికారితో మాట్లాడాడు. నేరం తనదేనని, తాను ఒక్కడే బాధ్యుడనని ఒప్పుకున్నాడు. బందీలను విడిచిపెట్టారు. వారు ప్రాణాలతో ఇండ్లకు చేరారు. సాల్వోను అక్కడే కాల్చి చంపారు. ఆయనకు 23వ జన్మదినం మరి మూడు వారాలలో రావలసి ఉన్నది.

ఇటలీ దేశం ఆయనకు మరణానంతరం సైనిక శౌర్యానికి ఇచ్చే బంగారు పతకం ఇచ్చింది. నేడు ఆయన సమాధి నేపుల్స్‌లోని సాంతా క్యారా దేవాలయంలో ఉన్నది.

ఇక మన మనసులో సహజంగా లేచే ప్రశ్నలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి ప్రశ్న: జీతం తీసుకున్నవాడు చేసే పనే కదా?

పోలీసు మరణించినప్పుడు ఈ మాట మన అరుగుల మీద కూడా వినబడుతుంది. జీతం మనిషి పనికి, సమయానికి వెల. ప్రాణానికి వెల కాదు. చేయని నేరాన్ని నెత్తిన వేసుకొమ్మని ఏ పోలీసు చట్టమూ సాల్వోకు చెప్పలేదు. విధి ఆయనను ఆ గోతి దగ్గరకు తీసుకువచ్చింది. అక్కడ నుండి ముందుకు అడుగువేయించినది ప్రేమ.

మంచి కాపరిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానం గుర్తుచేసుకోండి (యోహాను 10:11-13). తోడేలు వచ్చినప్పుడు జీతగాడు పారిపోతాడు, గొఱ్ఱెలు తనవి కావు గనుక. అక్కడ ప్రభువు జీతం తీసుకోవడాన్ని తప్పుపట్టలేదు. తోడేలును చూచినప్పుడు ఎవరు నిలబడతారో చూడమన్నారు. ఆ 22 మంది సాల్వోకు బంధువులు కారు. అయినా వారు తనవారని ఆయన తలంచాడు.

రెండవ ప్రశ్న: ఇది ఆత్మహత్య కాదా?

కాదు. ఒక ఉదాహరణ చూడండి. ఇద్దరు బావిలోకి దూకారు. ఒకడు చావాలని దూకాడు. మరొకడు మునిగిపోతున్న బిడ్డను తీయాలని దూకాడు. దూరం నుండి చూచేవారికి ఇద్దరూ ఒకే పని చేసినట్లు కనబడుతుంది. కాని రెండవవాడు బిడ్డతోపాటు తాను కూడా బయటపడితే సంతోషిస్తాడు. మొదటివాడిని బయటకు లాగితే బాధపడతాడు. ఒకే పనికి రెండు ఫలితాలు ఉండవచ్చునని, మనం ఉద్దేశించినదేది, ఉద్దేశించక భరించినదేది అని విడదీసి చూడాలని పునీత తోమాసు అక్వీనాసు గారు బోధించారు. జర్మన్ అధికారి చివరి క్షణంలో సాల్వోను కూడా విడిచిపెట్టి ఉంటే ఆయన ఆనందంగా స్టేషనుకు తిరిగిపోయేవాడు. ఆయన కోరినది ఆ 22 మంది బ్రతుకు. తన మరణాన్ని ఆయన కోరలేదు, అంగీకరించాడు.

మూడవ ప్రశ్న: చేయని నేరం చేశాననడం అబద్ధం కాదా?

ఈ ప్రశ్న సులువైనది కాదు. పునీత అగుస్తీను గారు, పునీత తోమాసు గారు మంచి కోసం చెప్పిన అబద్ధాన్ని కూడా ఒప్పుకోలేదు. అయితే ఇతరులకు హాని చేసే అబద్ధానికీ, ఇతరులను కాపాడుటకు చెప్పిన దానికీ దోషంలో ఎంతో తేడా ఉన్నదని తోమాసు గారే బోధించారు. శ్రీసభ సాల్వోను గౌరవిస్తున్నదంటే అబద్ధాన్ని మంచిదని ప్రకటిస్తున్నదని అర్థం కాదు. ఆ మాటల వెనుక ఉన్న ప్రేమను గౌరవిస్తున్నది.

దీనిలో మన ఇండ్లకు ఒక పాఠం ఉన్నది. మనం మామూలుగా చెప్పే అబద్ధం ఎటువంటిది? కుండ పగులగొట్టినవాడు తమ్ముడి మీద చెబుతాడు. లెక్క తప్పినవాడు గుమాస్తా మీద నెడతాడు. తన తప్పును ఇతరుల మీద వేసి తాను తప్పించుకుంటాడు. ఆదాము ఏవమ్మ మీద చెప్పిన నాటి నుండి ఇదే మన అలవాటు. సాల్వో దీనిని తిరగవేశాడు. ఇతరుల మీద పడిన నిందను తన మీదకు లాగుకొని, వారిని తప్పించాడు. మన పాపభారాన్ని తన మీద వేసుకొన్న ప్రభువు పోలిక ఇక్కడ మనకు కనబడడం లేదా?

నాలుగవ ప్రశ్న: అయితే ఆయన వేదసాక్షియా?

విశ్వాసం మీది ద్వేషంతో చంపబడినవారిని శ్రీసభ వేదసాక్షులని పిలుస్తుంది. సాల్వోను చంపినవారు ఆయన విశ్వాసాన్ని గూర్చి అడగలేదు. పునీత మాక్సిమిలియన్ కోల్బే గారి విషయంలో కూడా ఇదే ప్రశ్న వచ్చింది. 1941లో ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో, భార్యాబిడ్డలున్న ఒక ఖైదీకి బదులుగా ఆ గురువు తన ప్రాణమిచ్చారు. 1971లో ఆయనను ధన్యునిగా ప్రకటించినప్పుడు వేదసాక్షిగా ప్రకటించలేదు. 1982లో పునీత రెండవ జాన్ పాల్ పాపుగారు ఆయనను వేదసాక్షిగానే పునీతుల జాబితాలో చేర్చారు.

2017 జూలైలో ఫ్రాన్సిస్ పాపుగారు ఇటువంటివారి కోసం ఒక ప్రత్యేక మార్గం తెరిచారు. దానిని ప్రాణార్పణ మార్గం అనవచ్చు. స్నేహితుల కోసం ప్రాణం పెట్టడం కంటె గొప్ప ప్రేమ లేదన్న ప్రభువు బోధ (యోహాను 15:13) దానికి ఆధారం. సోదరప్రేమతో, స్వేచ్ఛగా, తప్పని మరణాన్ని అంగీకరించి ఉండాలి. ఆ అర్పణ వలననే త్వరగా మరణం సంభవించి ఉండాలి. అంతకుముందు క్రైస్తవ సుగుణాలతో, కనీసం సాధారణ స్థాయిలోనైనా, జీవించి ఉండాలి. పవిత్రుడన్న పేరు ప్రజలలో నిలిచి ఉండాలి. ధన్యునిగా ప్రకటించుటకు ఆయన వేడుదల వలన ఒక అద్భుతం కూడా జరగాలి. ఈ మార్గంలోనే 2025 ఫిబ్రవరిలో ఫ్రాన్సిస్ పాపుగారు సాల్వో ప్రాణార్పణను ఆమోదించారు. దానితో దైవసేవకుడైన సాల్వో గౌరవనీయుడయ్యాడు.

పై షరతులలో మూడవదానిని మరొకసారి చదవండి. గొప్ప గడియకు ముందు సాధారణ సుగుణాలతో గడిచిన రోజులు ఉండాలట! నిన్నటిదాకా స్వార్థంతో బ్రతికినవాడు నేడు గోతి దగ్గర ఒక్కసారిగా ప్రాణమివ్వడం అరుదు. చిన్న విధులను నమ్మకంగా చేసిన చేతికే పెద్ద విధిని ఎత్తగల బలం వస్తుంది.

మరి మన పోలీసులు?

విధిలో మరణించిన ప్రతి పోలీసూ పునీతుడని మనం చెప్పలేము. పోలీసు అంటే మన పల్లెలలో నేటికీ భయమున్నది. లంచం, దెబ్బలు, దురుసు మాటలు చవిచూచినవారు ఈ పత్రిక చదివేవారిలోనూ ఉంటారు. తమ వద్దకు వచ్చిన సైనికులతో బప్తిస్మ యోహాను గారు, ఎవరినీ బెదిరించి సొమ్ము తీసుకోవద్దని, జీతంతో తృప్తిపడమని చెప్పారు (లూకా 3:14). ఆ ఉద్యోగం మానివేయమని మాత్రం చెప్పలేదు. యూనిఫారం వేసుకొని కూడా దైవచిత్తం నెరవేర్చవచ్చునన్నమాట. సాల్వో దానికి సాక్షి. మంచి పోలీసును స్మరించడమంటే చెడ్డవాడిని వెనకేసుకు రావడం కాదు. ఆ ఉద్యోగం ఎలా ఉండాలో అందరికీ చూపించడం.

అందుకే శ్రీసభ చేసే స్మరణలో దేశం చేసే స్మరణలో లేనిది ఒకటున్నది: మృతుని ఆత్మ కోసం ప్రార్థన. మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయం చదవండి. యుద్ధంలో పడిపోయిన తన సైనికులను పాతిపెట్టబోయి చూస్తే, వారి వస్త్రాల క్రింద విగ్రహాల తాయెత్తులు కనబడ్డాయి. వారు దేశం కోసం చనిపోయినవారే. లోపం కూడా ఉన్నవారే. యూదా మక్కబీయుడు వారిని నిందించి విడిచిపెట్టలేదు, లోపం లేదని కప్పిపుచ్చనూ లేదు. చందా వసూలుచేసి, వారి పాపపరిహార బలి కోసం యెరూషలేముకు పంపించాడు. పొగడ్త మృతుని చెవికి చేరదు. ప్రార్థన ఉత్తరించు స్థలంలోని ఆత్మకు చేరుతుంది.

మనం చేయదగినవి

మీ విచారణలో విధి నిర్వహణలో మరణించిన పోలీసు, హోంగార్డు, అగ్నిమాపక సిబ్బంది ఎవరైనా ఉంటే, నవంబరు మాసంలో వారి పేరున దివ్యపూజ పెట్టించండి. కుటుంబానికి స్థోమత లేకపోతే విచారణ సంఘం వారు పూనుకోవాలి.

మరణించిన రోజున పూలమాలలు చాలా వస్తాయి. రెండవ సంవత్సరం ఎవరూ రారు. ఆ ఇంట్లో విధవరాలైన తల్లి ఉన్నది, పరీక్షలు వ్రాయవలసిన బిడ్డలు ఉన్నారు. పింఛను కాగితాల కోసం కార్యాలయానికి తోడు వెళ్లే మనిషి, పిల్లల ఫీజు సంగతి అడిగే మనిషి వారికి కావాలి. తండ్రిలేని బిడ్డలను, విధవరాండ్రను ఆదుకోవడమే నిష్కళంకమైన భక్తి అని పునీత యాకోబు గారు వ్రాశారు (యాకోబు 1:27).

బ్రతికి ఉండి రాత్రి గస్తీ తిరుగుతున్నవారిని కూడా మరువవద్దు. క్రిస్మసు రాత్రి మనం పూజలో ఉండగా గుడి బయట బందోబస్తులో నిలబడే కానిస్టేబుల్‌కు ఒక గ్లాసు టీ, ఒక మంచి మాట, మన జపమాలలో ఒక పరలోక జపం ఇవ్వలేమా?

కుటుంబ ప్రార్థనలో చర్చించుటకు

1. ఈ వారం నా తప్పును నేను ఎవరి మీద నెట్టాను? ఎవరి భారాన్ని నా మీద వేసుకున్నాను?

2. నా ఉద్యోగంలో జీతానికి చేసేది ఎంత? ప్రేమతో చేసేది ఎంత?

3. విధిలో ఒకరిని కోల్పోయిన ఏ కుటుంబాన్ని ఈ నెలలో మనం సందర్శిస్తాం?

ప్రభువా, ఇతరులను కాపాడబోయి ప్రాణాలు విడిచిన నీ సేవకులందరికీ నిత్య విశ్రాంతిని దయచేయుము. వారు వదలివెళ్లిన బిడ్డలకు మమ్ములను తోడుగా ఉంచుము. ఆమెన్.