కొలిచే చెయ్యి

సింధూ,

నువ్వు పంపిన ఫొటోలు మీ అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని మరీ రెండుసార్లు చూసింది. త్యాగరాజ కీర్తనలు విన్న కుండీలో మెంతిమొక్కలు ఏపుగా ఉన్నాయనీ, డప్పు దరువు సినిమా పాటలు విన్నవి నీరసించాయనీ రాశావు. "చూశారా, మొక్కకైనా తెలుసు" అంది అమ్మమ్మ. నాకు మాత్రం ఒక్క అనుమానం. స్కేలు పట్టుకుని వాటిని కొలిచిందెవరు? నువ్వే కదూ? ఎనిమిదేళ్ళుగా సంగీతం నేర్చుకుంటున్న నువ్వు!

నీకు ముందే ఈ దారిన నడిచినవాళ్ళున్నారు. అణ్ణామలై విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పిన టి.సి.ఎన్. సింగ్ మన రాగాలు వింటే మొక్కలు ఏపుగా పెరుగుతాయన్నారు. అమెరికాలో డెన్వర్ గాయని డొరొతీ రెటలాక్ 1973లో ఏకంగా పుస్తకమే వేసింది. రవిశంకర్ సితారు మోగితే మొక్కలు స్పీకరు వైపు వాలాయట, రాక్ సంగీతం పెడితే అవతలికి వంగాయట. ఆవిడకు రాక్ అంటే గిట్టదు. ఆవిడ ఇష్టాయిష్టాలే మొక్కలకూ ఎలా అబ్బాయో ఆలోచించు.

నా సంగతీ చెబుతాను, నవ్వకు. ఎమ్మెస్సీ చదివే రోజుల్లో రెండు పళ్ళేల్లో పెసలు నానబోసి, ఒకదాని పక్కన ట్రాన్సిస్టరు పెట్టాను. నేను కాలేజీకి వెళ్ళేటప్పుడు పెట్టి వెళితే సాయంత్రం దాకా మోగాలి. నాలుగు రోజులు లెక్క రాశాను. పాట పళ్ళెమే గెలిచింది! ఆ తర్వాత తెలిసింది, రాత్రి డ్యూటీ చేసి వచ్చే నా గదిమిత్రుడు నేను గడప దాటగానే నిద్రకు అడ్డమని దాన్ని కట్టేసి, నేనొచ్చే వేళకు మళ్ళీ పెట్టేవాడట. మరి ఆ తేడా ఎక్కణ్ణించి వచ్చింది? నోటుబుక్కు తిరగేస్తే దొరికింది. తొక్క పగిలి తెల్లగా ఓ చుక్క కనబడితే చాలు, పాట పళ్ళెంలో దాన్ని "మొలిచింది" అని రాశాను. రెండో పళ్ళెంలో అలాంటి గింజనే "రేపు చూద్దాం" అని వదిలేశాను. అబద్ధం రాద్దామని కూర్చోలేదమ్మా. అదే నన్ను భయపెట్టింది.

1963లో రాబర్ట్ రోజెంథాల్, కెర్మిట్ ఫోడ్ అనే ఇద్దరు దీన్నే పట్టుకున్నారు. పన్నెండు మంది విద్యార్థులకు తలా ఐదు ఎలుకలు ఇచ్చారు. మీవి చిక్కుదారుల్లో చురుకైన జాతి అని సగంమందికీ, మీవి మొద్దు జాతి అని మిగతావాళ్ళకూ చెప్పారు. నిజానికి అన్నీ ఒక్కలాంటి ఎలుకలే. అయినా చురుకైనవని విన్నవాళ్ళ ఎలుకలే బాగా నేర్చుకున్నాయి. తమవి తెలివైనవి అనుకున్నవాళ్ళు వాటిని మరింత మృదువుగా పట్టుకున్నారట. అంటే చూపే కాదు, చెయ్యి కూడా మారుతుంది. నీ కీర్తనల కుండీకి రోజూ ఓ చుక్క నీళ్ళు ఎక్కువ పడలేదని చెప్పగలవా?

ఇంకో ఎలుకల కథ నాకు భలే ఇష్టం. 1998లో ఫ్రాన్సిస్ రాషర్ బృందం, తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచీ పుట్టాక రెండు నెలల దాకా మొట్సార్ట్ పియానో సంగీతం విన్న ఎలుకలు చిక్కుదారుల్లో చకచకా పరిగెత్తాయని రాసింది. కెన్నెత్ స్టీల్ అనే ఆయన 2003లో తీరిగ్గా గుర్తు చేశాడు. ఎలుకపిల్లలు పుట్టుచెవిటివి, చెవులు తెరుచుకోవడానికి పది పన్నెండు రోజులు పడుతుంది. పెద్దయ్యాక కూడా ఆ పియానో స్వరాల్లో చాలావాటిని అవి వినలేవు. మొట్సార్ట్ వింటే బుర్ర చురుగ్గా పనిచేస్తుందా అని మనుషుల మీద జరిగిన సుమారు నలభై పరిశోధనల్ని 2010లో వియన్నా పరిశోధకులు కలిపి చూస్తే, రాషర్ బృందం ఫలితాలే మిగతావాళ్ళ వాటికన్నా ఎక్కువగా తేలాయి.

మొక్కలకు కంపనం తెలియదని నేననను. 2014లో మిస్సోరీలో ఆవాల కుటుంబపు మొక్క ఒకదానికి, గొంగళిపురుగు ఆకు నమిలేటప్పటి కంపనాన్ని వినిపించారు. ఆ తర్వాత పురుగు నిజంగానే వచ్చి తింటే ఆ మొక్క ఆవఘాటు పదార్థాలు ఎక్కువ తయారు చేసుకుంది. గాలి కంపనానికి అలా చెయ్యలేదు. మొక్కకు బతుకుదెరువు గొడవ అది. త్యాగరాజస్వామితో దానికేం పని?

కాబట్టి మళ్ళీ మొదలుపెట్టు. ఈసారి ఇరవై కుండీలు పెట్టు, ఒకే మట్టి, గ్లాసుతో కొలిచి నీళ్ళు. కీర్తనల గుంపు, సినిమా పాటల గుంపు కాక మూడో గుంపుకు స్పీకరు పెట్టి, మోగించకుండా వదిలెయ్. ఏ కుండీ ఏ గుంపుదో తమ్ముణ్ణి చీటీలు తీసి నిర్ణయించమను. పాటలు పెట్టడం వాడి పని, ఆ వేళ నువ్వు కుండీలున్న చోటికి వెళ్ళకు. కుండీల మీద అంకెలే ఉండాలి. ఎంత తెల్లదనం కనబడితే మొలక అంటావో ముందే రాసి పెట్టుకో. చీటీల కవరు మీ అమ్మ బీరువాలో ఉంచు.

కొలతలన్నీ అయ్యాక, కవరు చింపే ముందు నాకు ఫోను చెయ్యి. స్పీకర్లో పెట్టు, అమ్మమ్మ కూడా వింటుంది.

మీ తాతయ్య