చెల్లుబాటు

హైదరాబాదు సంస్థానం కాలంలో కోదాడ నుండి తూర్పుగా ప్రయాణించే వ్యాపారికి రెండు రకాల రూపాయలతో పని పడేది. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ నిజాం ఏలుబడిలోని ప్రాంతాలు. ఇక్కడ చెలామణి అయ్యేది హాలి సిక్కా. సరిహద్దు దాటి జగ్గయ్యపేట చేరితే అది బ్రిటిష్ వారి కృష్ణా జిల్లా. అక్కడ చెల్లేది కల్దారు రూపాయి. సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత కూడా కొంతకాలం రెండు నాణేలూ పక్కపక్కనే నడిచాయి. ఏడు హాలి రూపాయలకు ఆరు భారతీయ రూపాయలన్నది అప్పటి మారకపు లెక్క. హాలి సిక్కా చట్టబద్ధమైన చెలామణి 1959లో ముగిసింది. చేతిలో ఎంత ధనం ఉన్నదన్న ప్రశ్నతో పాటు, అది ఎక్కడ చెల్లుతుందన్న ప్రశ్న కూడా ఆనాటి వారికి నిత్యానుభవమే.

నేడు అదే ప్రశ్న మరొక రూపంలో మన ముందుకు వచ్చింది. బ్యాంకు ఇచ్చే క్రెడిట్ కార్డు మీద ఒక మూలన చిన్న ముద్ర ఉంటుంది. వీసా, మాస్టర్‌కార్డ్, రూపే, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డైనర్స్ క్లబ్ అనే అయిదింటిలో అది ఏదో ఒకటి. మన ప్రాంతంలో వీసా అనగానే మొదట అమెరికా ప్రయాణమే గుర్తుకు వస్తుంది గాని కార్డు గుర్తుకు రాదు. ఇక్కడ చెప్పుకునేది ఆ వీసా కాదు. ఈ ముద్రను చూసి చాలామంది అప్పు ఇచ్చేది ఆ సంస్థయే అనుకుంటారు. ఆ అపోహ తొలగితే గాని ఏ ముద్ర గల కార్డును తీసుకోవాలో నిర్ణయించడం సాధ్యం కాదు.

సూర్యాపేటలోని ఒక బట్టల దుకాణంలో 5,000 రూపాయల పట్టుచీర కొన్నారనుకుందాం. కార్డును మిషన్‌లో పెట్టి, రహస్య సంఖ్యను నొక్కి, రసీదు చేతికి వచ్చేసరికి కొద్ది క్షణాలే గడుస్తాయి. ఆ కొద్ది క్షణాలలో నలుగురి మధ్య వ్యవహారం నడుస్తుంది. కొనుగోలుదారు ఒకరు. అతనికి కార్డు ఇచ్చిన బ్యాంకు రెండవది. దుకాణదారు మూడవవాడు. అతనికి మిషన్ అమర్చి, సొమ్మును అతని ఖాతాలో జమచేసే బ్యాంకు నాలుగవది. ఈ రెండు బ్యాంకులకూ ఒకదానితో ఒకటి ముఖపరిచయం ఉండవలసిన అవసరం లేదు. ఒకటి ముంబైలో ఉండవచ్చు, మరొకటి చెన్నైలో ఉండవచ్చు. వాటి మధ్య వార్త చేరవేసి, "ఈ కార్డు నిజమైనదేనా, ఇతనికి ఇంత పరిమితి ఉన్నదా" అని విచారించి, తరువాత లెక్కలు తేల్చే మధ్యవర్తియే నెట్‌వర్క్. వీసా, మాస్టర్‌కార్డ్, రూపే సంస్థలు చేసే పని ఇదే. అవి మనకు అప్పు ఇవ్వవు, వడ్డీ నిర్ణయించవు, వసూలుకు మనుషులను పంపవు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ పద్ధతి కొంత వేరు. కార్డును ఆ సంస్థ స్వయంగా కూడా జారీ చేస్తుంది, వ్యవహారాన్నీ తానే నడుపుతుంది.

ఈ సేవ ఉచితం కాదు. దుకాణదారు ఖాతాకు 5,000 రూపాయలు పూర్తిగా చేరవు. రెండు శాతం రుసుము ఉన్నదనుకుంటే నూరు రూపాయలు తగ్గుతాయి. అందులో పెద్ద వంతు కార్డు ఇచ్చిన బ్యాంకుకు, మిగిలినది మిషన్ పెట్టిన బ్యాంకుకు, నెట్‌వర్క్‌కు చెందుతుంది. కార్డు వాడినందుకు మనకు లభించే బహుమతి పాయింట్లు ఎక్కువగా ఈ నూరు రూపాయల నుండే పుడతాయి. తక్కువ లాభంతో అమ్ముకునే వర్తకునికి నూరు రూపాయలు చిన్న మొత్తం కాదు. "కార్డు గీకితే రెండు శాతం అదనం" అనే మాట పట్టణాలలో వినబడడానికి కారణమిదే. చిన్న దుకాణాలలో అనేకం అసలు మిషనే పెట్టుకోకపోవడానికీ ఇదొక కారణం.

ఈ వ్యవస్థల పుట్టుకను కొంత తెలుసుకోవాలి. డైనర్స్ క్లబ్ 1950లో న్యూయార్క్‌లో హోటళ్ల బిల్లులు చెల్లించే సాధనంగా మొదలయింది. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రెస్నో పట్టణంలో సుమారు 60,000 మందికి, వారు అడగకుండానే, కార్డులను తపాలాలో పంపింది. ఫ్రెస్నో కూడా మన మిర్యాలగూడ వలె చుట్టూ పంట భూములు గల పట్టణమే. ఆ కార్డే 1976లో వీసా అనే పేరు ధరించింది. దానికి పోటీగా 1966లో కొన్ని బ్యాంకులు కలసి ఏర్పరచుకున్న సంఘం నేటి మాస్టర్‌కార్డ్‌కు మూలం. అడగని కార్డును అంటగట్టే పద్ధతిని నేడు భారతీయ రిజర్వు బ్యాంకు నిషేధించింది. అట్లా పంపిన కార్డుకు రుసుము వసూలు చేస్తే, దానిని రద్దుచేయడమే కాక, రెండింతల మొత్తాన్ని జరిమానాగా బ్యాంకు ఖాతాదారునికి చెల్లించాలి. ఫోనులో వచ్చే తీయని మాటలకు లొంగే ముందు ఈ నియమాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

తెలుగువారికి ఈ చరిత్రలో కొంత పాలు ఉన్నది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టింది. మన దేశంలో ఈ రంగంలో తొలి అడుగులు వేసిన బ్యాంకులలో అదొకటి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది.

చాలాకాలం మన దేశంలో కార్డు వ్యవహారాలు విదేశీ నెట్‌వర్క్‌ల మీదనే ఆధారపడి సాగాయి. సూర్యాపేటలో కొన్న వస్తువుకు సూర్యాపేటలోని ఖాతా నుండే చెల్లించినా, మధ్యవర్తి రుసుము విదేశీ సంస్థకు పోయేది. ఈ స్థితిని మార్చడానికి 2008లో భారత జాతీయ చెల్లింపుల సంస్థ ఏర్పడింది. అది 2012 మార్చిలో రూపే కార్డును ప్రారంభించింది. 2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ ఖాతాల ద్వారా రూపే డెబిట్ కార్డు గ్రామాలకు చేరింది. అప్పటివరకు బ్యాంకు గడప తొక్కని వ్యవసాయ కూలీల చేతికి కూడా కార్డు వచ్చింది.

అయితే సామాన్యుని దుకాణానికి క్రెడిట్ కార్డును చేర్చినది మరొక మార్పు. మిర్యాలగూడ బజారులో కూరగాయల బండి మీద, చాయ్ దుకాణం గోడ మీద నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్ అతికించి ఉంటుంది. ఫోను నుండి యూపీఐ ద్వారా చెల్లించే ఈ పద్ధతి 2016లో ఆరంభమైంది. మొదట దీనికి బ్యాంకు ఖాతానే జోడించగలిగేవారు. 2022 జూన్‌లో రిజర్వు బ్యాంకు క్రెడిట్ కార్డులను కూడా జోడించడానికి అనుమతించి, రూపే కార్డులతో మొదలుపెట్టింది. ఆ సెప్టెంబరులో తొలుత ఈ సౌకర్యం కల్పించిన మూడు బ్యాంకులలో యూనియన్ బ్యాంక్ ఒకటి. దీనివలన మిషన్ లేని దుకాణంలోనూ రూపే క్రెడిట్ కార్డు చెల్లుతుంది. చిన్న వర్తకుని వద్ద 2,000 రూపాయల వరకు ఇట్లా చెల్లిస్తే అతనికి రుసుము భారం లేకుండా ఏర్పాటు చేశారు. స్నేహితునికి డబ్బు పంపడానికి మాత్రం ఈ మార్గం పనికిరాదు. వర్తకులకు చెల్లించడానికే అనుమతి.

కావున ఈ మూడు పట్టణాలలోనే ఖర్చు పెట్టే కుటుంబానికి రూపే ముద్ర గల కార్డు అనుకూలమైనదని చెప్పవచ్చు. జాతీయ రహదారి పక్కన పెట్రోలు బంకులో, పెద్ద దుకాణాలలో ఏ కార్డయినా నడుస్తుంది. కిరాణా కొట్టులో తేడా తెలుస్తుంది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డైనర్స్ కార్డులు నగరాలలో విమానయానం, హోటళ్ల సౌకర్యాలు కోరేవారికి నచ్చవచ్చు గాని, ఇక్కడి బజారులో వాటిని స్వీకరించే చోట్లు వెతుక్కోవలసి వస్తుంది.

విదేశీ చదువుల విషయం వేరు. కోదాడ నుండి ఏటా ఎందరో విద్యార్థులు అమెరికాకు, బ్రిటన్‌కు వెళుతున్నారు. అర్హత పరీక్షల రుసుము, విశ్వవిద్యాలయాల దరఖాస్తు రుసుము ఇంటి నుండే విదేశీ ద్రవ్యంలో చెల్లించాలి. ఇక్కడ వీసా గాని, మాస్టర్‌కార్డ్ గాని నిశ్చింతగా ఉపయోగపడతాయి. ఈ రెండింటి మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. రూపేకు కూడా డిస్కవర్, జేసీబీ వంటి విదేశీ సంస్థలతో ఒప్పందాలున్నాయి. సింగపూర్, భూటాన్, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లలో దానిని ప్రవేశపెట్టారు. అయినా, రేపటితో గడువు ముగిసే దరఖాస్తుకు దానిని మాత్రమే నమ్ముకోవడం నేను సలహా ఇవ్వను. విదేశీ చెల్లింపుపై సాధారణంగా రెండు నుండి మూడున్నర శాతం అదనపు రుసుము పడుతుంది. అది ఎంతో నిర్ణయించేది బ్యాంకు.

బ్యాంకు ముద్ర వేరు, నెట్‌వర్క్ ముద్ర వేరు అనడానికి మన పల్లెలలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే రైతులకు క్రెడిట్ కార్డు అనే మాట మొదట కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారానే పరిచయం. 1998లో వచ్చిన ఈ పథకం కింద స్వల్పకాలిక పంట రుణానికి ఏడు శాతం వార్షిక వడ్డీ. సకాలంలో తీర్చిన రైతుకు ప్రభుత్వ రాయితీతో అది నాలుగు శాతానికి దిగుతుంది. తీర్చవలసిన గడువు పంట కాలాన్ని బట్టి ఉంటుంది. ఈ కార్డు మీద రూపే ముద్ర ఉండవచ్చు. అదే రైతు కుమారుడు పట్టణంలో తీసుకున్న క్రెడిట్ కార్డు మీదా రూపే ముద్రే ఉండవచ్చు. కాని ఆ రెండో కార్డుపై వడ్డీ నెలకు మూడు, మూడున్నర శాతం. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. నూటికి రెండు రూపాయలు అడిగే వడ్డీ వ్యాపారిని కఠినుడని అనుకునేవారు కూడా ఈ లెక్కను గమనించడం లేదు.

30,000 రూపాయల బిల్లు వచ్చిందనుకుందాం. "కనీస మొత్తం 1,500 చెల్లించండి" అని అందులో ఉంటుంది. అది చెల్లించి ఊరుకుంటే మిగిలిన 28,500 మీద నెలకు మూడున్నర శాతం చొప్పున 997 రూపాయల 50 పైసల వడ్డీ, దానిపై 18 శాతం జీఎస్‌టీ, మొత్తం సుమారు 1,177 రూపాయలు చేరతాయి. మరుసటి నెల మళ్లీ 1,500 కట్టినా అసలులో తగ్గేది 320 రూపాయల పైచిలుకు మాత్రమే. పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు కూడా వర్తించదు. జీతం నెలనెలా వచ్చే ఉద్యోగి బిల్లును పూర్తిగా కట్టగలడు. వానాకాలం, యాసంగి అని ఏడాదికి రెండుసార్లు ధాన్యం అమ్మిన సొమ్ము చేతికి వచ్చే ఇంట్లో బిల్లు మాత్రం నెలకొకసారి వస్తుంది. ఈ రెండు కాలమానాలు పొసగవు. అటువంటి ఇంటికి ఏ నెట్‌వర్క్ మేలన్న విచారణ కంటే, అసలు ఈ కార్డు అవసరమా అన్న విచారణ ముందు జరగాలి.

తీసుకోవాలని నిశ్చయించిన వారికి ఎంచుకునే హక్కు ఇటీవలనే లభించింది. పూర్వం ఏ ముద్ర గల కార్డు ఇవ్వాలో బ్యాంకూ నెట్‌వర్కూ మాట్లాడుకొని నిర్ణయించేవి. ఖాతాదారుని అడిగేవారు కాదు. ఒకే మార్గం మీద ఆధారపడితే కలిగే చిక్కు 2021లో బయటపడింది. చెల్లింపుల సమాచారాన్ని మన దేశంలోనే భద్రపరచాలన్న 2018 నాటి ఆదేశాన్ని పాటించలేదన్న కారణంతో రిజర్వు బ్యాంకు ఆ సంవత్సరం అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డైనర్స్ క్లబ్, మాస్టర్‌కార్డ్ సంస్థలు కొత్త ఖాతాదారులను చేర్చుకోకుండా ఆంక్ష విధించింది. ఉన్న కార్డులు యథాప్రకారం నడిచాయి గాని, మాస్టర్‌కార్డ్‌నే నమ్ముకున్న బ్యాంకులు కొత్త కార్డులు ఇవ్వలేక ఇతర నెట్‌వర్క్‌లను ఆశ్రయించవలసి వచ్చింది. 2022 ఆగస్టు నాటికి ఆ ఆంక్షలన్నీ తొలగిపోయాయి.

2024 మార్చి 6న రిజర్వు బ్యాంకు మరొక ఉత్తర్వు వెలువరించింది. దాని ప్రకారం, అర్హుడైన ఖాతాదారునికి కార్డు ఇచ్చేటప్పుడు ఒకటి కంటే ఎక్కువ నెట్‌వర్క్‌లు చూపి, కోరినదానిని ఎంచుకొనే అవకాశం కల్పించాలి. ఇది 2024 సెప్టెంబరు 6 నుండి వర్తించింది. చలామణిలో 10 లక్షల కార్డులకు మించని సంస్థలకు, సొంత నెట్‌వర్క్ మీదనే కార్డులు ఇచ్చే సంస్థలకు మినహాయింపు ఉన్నది. ఇప్పటికే కార్డు ఉన్నవారు దానిని పునరుద్ధరించే సమయంలో ఈ కోరిక తెలుపవచ్చు. కార్డు మీద ముద్రించిన గడువు నెల, సంవత్సరం చూసుకొని, కొత్త కార్డు ఇంటికి రాకముందే తమ శాఖలో లిఖితపూర్వకంగా అడగాలి. కొత్త కార్డు వచ్చిన తరువాత దాని మీది మొదటి అంకె చూస్తే చాలు: నాలుగుతో మొదలైతే వీసా, అయిదుతో గాని రెండుతో గాని మొదలైతే సాధారణంగా మాస్టర్‌కార్డ్. అరవైతో గాని అరవై అయిదుతో గాని మొదలైతే అది రూపే కావచ్చు.