ర్యాంప్ కదలకపోతే ముందు ఏం చూడాలి?

నాది సీఎస్‌ఈ రెండో సంవత్సరం. విమానం ర్యాంప్‌తో నీకేం పని అని అడుగుతారేమో. పోయిన సెమిస్టర్ ల్యాబ్ ఎగ్జామ్‌లో నా ప్రోగ్రామ్ రన్ అవ్వలేదు. కంగారులో ఒకేసారి ఐదు చోట్ల మార్చేశాను. అసలు తప్పు ఎక్కడుందో చివరికి నాకే తెలియలేదు. ఇంటికెళ్లి చెప్తే పెద్దనాన్న నవ్వారు. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో రవాణా విమానాల మీద టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. "ముందు వినాలి రా, తర్వాతే విప్పాలి" అన్నారు. ఆయన చెప్పిన పద్ధతిని, తర్వాత నేను చదివినదాన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ర్యాంప్ ఎలా కదులుతుంది?

సీ-130 హెర్క్యులస్‌ని తీసుకుందాం. మన వాయుసేన దగ్గర 2011 నుంచి సీ-130జె ఉంది. దాని వెనక భాగంలో పైకి లేచే తలుపు ఒకటి, కిందకి దిగే ర్యాంప్ ఒకటి ఉంటాయి. జీపులు ఎక్కేది ర్యాంప్ మీదుగానే. గాల్లోంచి పారాచూట్‌తో సామాను వదలాలన్నా తెరిచేది వీటినే.

కదిలించేది హైడ్రాలిక్ ఆయిల్. మనం చదివిన పాస్కల్ సూత్రమే ఇది. కారు టైరులో ప్రెషర్ 30 పీఎస్ఐ పైచిలుకు ఉంటే, ఇక్కడ సుమారు 3000. అంటే ఒక చదరపు అంగుళం పిస్టన్ మీద దాదాపు 1360 కిలోల బరువు పెట్టినంత తోపు.

దారి ఇలా ఉంటుంది: కరెంటు, మోటార్, పంప్, వాల్వ్, పైపులు, సిలిండర్లు, లాకులు. మోటార్ పని చేయకపోతే వాడటానికి చేతి పంప్ కూడా ఉంటుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి.

అస్సలు కదలకపోతే

మొదట చెవి పెట్టాలి. మోటార్ చప్పుడు లేదా? అయితే ఆయిల్ జోలికి వెళ్లక్కర్లేదు. సర్క్యూట్ బ్రేకర్, స్విచ్, వైర్లు చూడాలి.

చప్పుడు ఉంది కానీ గేజ్‌లో ప్రెషర్ లేవడం లేదా? ట్యాంకులో ఆయిల్ తగ్గి ఉండొచ్చు, పంప్ అరిగి ఉండొచ్చు, లేదా రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు.

ప్రెషర్ కూడా బాగుందా? అప్పుడు వాల్వ్ ఆయిల్‌ని వదలడం లేదు, లేదా లాకులు విడలేదు, లేదా ఏదో అడ్డం పడింది.

చేతి పంప్ ఇక్కడ పనికొస్తుంది. దాన్ని కొడితే ర్యాంప్ కదిలిందనుకోండి, సిలిండర్లు, లాకులు బాగానే ఉన్నట్టు. తప్పు మోటార్ పంప్ వైపు ఉంది. ఒక్క టెస్ట్‌తో సగం దారి పక్కకి పోయింది. ఇది మన బైనరీ సెర్చే కదా!

కదులుతుంది కానీ సరిగా కాదు

నెమ్మదిగా కదిలితే: ఫిల్టర్ మూసుకుపోవడం, పంప్ అరగడం, చలికి ఆయిల్ చిక్కబడటం.

కుదుపులతో కదిలితే: ఆయిల్‌లో గాలి చేరి ఉండొచ్చు. ఆయిల్ నలగదు, గాలి నలుగుతుంది. అందుకే ఆగి ఆగి కదులుతుంది.

ఆపిన చోట నిలబడకుండా జారితే: సిలిండర్ లోపలి సీల్ లీక్ కావచ్చు. బయట ఒక్క చుక్క కూడా కనబడదు. ఇలాంటివి పట్టుకోవడమే కష్టం అన్నారు పెద్దనాన్న.

చేయకూడనివి

లీక్ ఎక్కడుందో చేత్తో తడిమి చూడకూడదు. అంత ప్రెషర్‌లో సన్నని ధార చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. అట్టముక్క వాడాలి. సపోర్ట్ పెట్టకుండా ర్యాంప్ కిందకి దూరకూడదు. ఏ ఆయిల్ దొరికితే అది పోయకూడదు. ఈ విమానాల్లో వాడేది ఎర్ర ఆయిల్. ప్రయాణికుల జెట్లలో వాడే ఊదా రంగు ఆయిల్ ఇందులో పోస్తే సీల్స్ పాడైపోతాయి. ఇక అసలు రిపేరు ఆ విమానం మాన్యువల్‌లో ఉన్న వరుసలోనే చేయాలి.

ఇంత జాగ్రత్త ఎందుకు?

1975 ఏప్రిల్ 4న అమెరికా వాయుసేన సీ-5 విమానం ఒకటి వియత్నాం అనాథ పిల్లల్ని తీసుకుని సైగాన్ నుంచి బయల్దేరింది. సుమారు 23,000 అడుగుల ఎత్తులో వెనక ర్యాంప్ లాకులు విఫలమయ్యాయి. లోపలి గాలి ఒత్తిడికి తలుపు ఊడిపోయింది. తోకకి వెళ్లే కంట్రోల్ కేబుళ్లు తెగాయి, నాలుగు హైడ్రాలిక్ సిస్టమ్‌లలో రెండు పోయాయి. పైలట్లు వెనక్కి తిప్పారు గానీ రన్‌వే దాకా రాలేకపోయారు. 130 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది చిన్నపిల్లలు.

ఇది చదివాక నాకు ఒకటి అర్థమైంది. ర్యాంప్ మూసుకోవడం వేరు, లాక్ అవ్వడం వేరు. కదలని ర్యాంప్‌ని కదిలించగానే పని అయిపోదు. మళ్లీ మూసి, ప్రతి లాక్ పడిందో లేదో చూసి, అప్పుడే సంతకం పెట్టాలి.

నా ప్రోగ్రామ్ ఆగిపోతే పోయేది మార్కులే. అయినా ఈ సెమిస్టర్ నుంచి ఒకసారికి ఒక్క లైనే మారుస్తున్నాను. రన్ అయ్యాక కూడా ఇంకోసారి టెస్ట్ చేస్తున్నాను.