మొదటి వెల్డింగ్ మిషను: ఏది కొనాలి, ఎలా కొనాలి?



పాత బండి కొని సొంతంగా బాగుచేసుకోవాలన్న సరదా మనలో చాలామందికి ఉంది. చేతక్, యెజ్డీ, రాజ్‌దూత్, పాత జీపు... ఎవరి మోజు వారిది. ఇంజను పని మెకానిక్ దగ్గర కూర్చుని నేర్చుకోవచ్చు. రేకు పని మొదలయ్యాక మాత్రం ప్రతి చిల్లుకూ వెల్డింగ్ షాపు చుట్టూ తిరగాలి. తిరిగి తిరిగి విసుగొచ్చి, మనమే ఒక మిషను కొంటే పోలేదా అనిపిస్తుంది. కొనబోతే దుకాణంలో మొదట చెప్పేది "రెండు వందల ఆంపియర్ల మిషను" అని. అది విని డబ్బు తీసేవాళ్ళే ఎక్కువ. మన పనికి చూడవలసింది మిషను ఎంత ఎక్కువ కరెంటు ఇస్తుందని కాదు, ఎంత తక్కువలో ఆర్క్ నిలకడగా ఉంటుందని.

కారణం బండిలోనే ఉంది. వాడరేవులో గాలికి ఉప్పుంటుంది. ఉప్పు తేమను లాగి రేకు మీద నిలుపుతుంది, తుప్పును త్వరపెడుతుంది. రేవులో చేపల బుట్టలు మోసిన బండయితే ఉప్పు నీళ్ళు కారి అడుగుభాగం ఇంకా ముందే పోతుంది. 1972లో వచ్చిన బజాజ్ చేతక్‌కు విడిగా గొట్టాల ఫ్రేము ఉండదు, వంచిన రేకు బాడీయే ఫ్రేము. కాళ్ళు పెట్టే చోట చిల్లు పడిందంటే అందం ఒక్కటే కాదు, బలమూ పోయినట్టే. ఆ రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూఇటూ. తుప్పు తిన్న చోట అందులో సగం కూడా మిగలదు. యెజ్డీ, రాజ్‌దూత్‌లకు గొట్టాల ఫ్రేము కాబట్టి కాస్త మందం. జీపుకు ఛాసిస్ మందం, బాడీ పలచన.

ఇప్పుడు మిషన్ల సంగతి. ఊళ్ళో గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే షాపుల్లో ఉండే పాత ట్రాన్స్‌ఫార్మరు మొండిది, ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. కానీ బరువు, కరెంటు బాగా తాగుతుంది, పలచటి రేకుకు మోటు. దాని బదులు ఇప్పుడు చేతిసంచీలా పట్టుకుపోయే ఇన్వర్టర్ మిషన్లు వచ్చాయి. రాడ్డుతో చేసే ఇన్వర్టరు పది వేల లోపే దొరుకుతుంది. 6013 రకం రాడ్డు 2.5 మిల్లీమీటర్లదయితే సుమారు 60 నుంచి 90 ఆంపియర్లు, 2 మిల్లీమీటర్లదయితే 40 నుంచి 60 కావాలి. స్టాండు, క్యారియర్, గొట్టాల బ్రాకెట్లు దీంతో చక్కగా అతుకుతాయి. చేతక్ రేకు మీద కొత్త చెయ్యి పెడితే మాత్రం ఉన్న చిల్లు పూడకపోగా పక్కన ఇంకోటి పడుతుంది.

రేకు పనికి తీగ మిషను, అంటే మిగ్, నయం. 0.8 మిల్లీమీటర్ల తీగతో 40, 50 ఆంపియర్ల దగ్గర చుక్క చుక్కగా అతుకుతూ పోవచ్చు. దీనికి కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, రెగ్యులేటరు కావాలి. ఆ ఖర్చు వేరే. గ్యాసు లేకుండా నడిచే ఫ్లక్స్ తీగ కూడా ఉంది. మనకు మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి లేస్తుంది, అది గ్యాసును ఎగరగొట్టేస్తే అతుకులో బొరియలు పడతాయి. ఫ్లక్స్ తీగకు గాలి బాధ తక్కువ, కానీ పలచటి రేకుకు వేడి ఎక్కువ. కాబట్టి రేకు పని గ్యాసుతో, ఉదయం పూట, నాలుగు వైపులా పట్టా కట్టుకుని చేయడం మేలు. రెండు రకాల తీగలకూ పనికొచ్చి, రాడ్డు కూడా పట్టే చిన్న సింగిల్ ఫేజ్ మిషను దొరికితే మొదటి మిషనుగా నేను దానికే ఓటేస్తాను. గ్యాసుతో వాడే మామూలు తీగకు టార్చ్ పాజిటివ్‌కు, గ్యాసు లేని ఫ్లక్స్ తీగకు నెగటివ్‌కు కలపాలి. ఇలా మార్చుకునే వీలుందో లేదో కొనేముందే అడగండి.

ఇంటి వైరింగు సంగతి లెక్క వేసి చూద్దాం. రాడ్డుతో 100 ఆంపియర్ల దగ్గర ఆర్క్ వోల్టేజి సుమారు 24. అంటే 2400 వాట్లు. మిషను సామర్థ్యం నూటికి 80 అనుకుంటే లోపలికి 3000 వాట్లు పోవాలి. 230 వోల్టులతో భాగిస్తే 13 ఆంపియర్లు. చవక మిషన్ల పవర్ ఫ్యాక్టరు తక్కువ కనుక నిజంగా లాగేది 18 దాకా ఉండొచ్చు. ఫ్యాను, సెల్‌ఫోను పెట్టే 6 ఆంపియర్ల ప్లగ్గు కాలిపోతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు కూడా ఆ కరెంటుకు చాలదు. అదే తీగతో 60 ఆంపియర్ల దగ్గరయితే 17 వోల్టులే, లోపలికి 1300 వాట్ల లోపు. మంచి ఎర్తింగు, సరైన ఎంసీబీ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టు ఆ పనికి సరిపోతుంది.

మిషను మీద డ్యూటీ సైకిల్ అని రాసి ఉంటుంది. 30 శాతం అంటే పది నిమిషాల్లో మూడు నిమిషాలు అతకవచ్చు, ఏడు నిమిషాలు చల్లారనివ్వాలి. ఆ లెక్క 40 డిగ్రీల వేడికి ఇచ్చారా, 25 డిగ్రీలకు ఇచ్చారా చూడండి. మన రోహిణి కార్తెలో ఆ తేడా బాగా తెలుస్తుంది. ఇంకొకటి, తీగ చుట్టకూ ఉప్పు గాలికి తుప్పు పడుతుంది. పని కాగానే తీసి పాలిథిన్ సంచిలో కట్టి పెట్టాలి.

డబ్బంతా మిషనుకే పెట్టేయకండి. హెల్మెట్టు, తోలు గ్లౌజులు, గ్రైండరు, నాలుగు క్లాంపులు లేనిదే మిషను ఉన్నా లేనట్టే. నల్లద్దం 10 లేదా 11 నంబరుది ఉండాలి. ఆర్క్‌ను ఉత్త కళ్ళతో చూస్తే ఆ రాత్రి కంట్లో ఇసుక పోసినట్టుంటుంది. చుట్టూ చేరే చిన్నపిల్లల్ని కూడా దూరం పంపాలి. మాసికకు 20 గేజి సీఆర్ రేకు కొనండి. ఇంటి కప్పు మీది జింకు రేకు ముక్క వాడకండి. ఇనుము కరిగేది 1538 డిగ్రీల దగ్గర, జింకు మరిగేది 907 దగ్గర. ముందు పొగయ్యేది జింకే, అది పీలిస్తే చలిజ్వరం వస్తుంది. పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉన్నా అతకవద్దు, లోపలి ఆవిరే పేలుతుంది. బండి మీద ఎక్కడ అతికినా ముందు ట్యాంకు, బ్యాటరీ తీసి దూరం పెట్టండి. పత్తి తీతల కాలంలో మన ఇళ్ళల్లో పత్తి కుప్పలుంటాయి, ఆ వసారాలో గ్రైండరు కూడా పెట్టకండి.

ఆర్‌సీ లేని బండి ఎంత చవకైనా వద్దు. ఛాసిస్ నంబరు దగ్గర గ్రైండరు తగలనివ్వకండి. హ్యాండిల్ కింది మెడ భాగం, ఫోర్కు ఎంత నేర్చినా అనుభవం ఉన్న వెల్డరుకే ఇవ్వండి. అవి విరిగితే వెనక కూర్చున్న చెల్లెలూ పడుతుంది. పని పద్ధతిగా నేర్చుకోవాలంటే ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసయితే చాలు.

మిషను ఇంటికి రాగానే బండి జోలికి పోకుండా అదే 20 గేజి రేకు ముక్కలు రెండు అతకండి. వైసులో బిగించి సుత్తితో వంచండి. అతుకు ఊడి, కింద రేకు శుభ్రంగా కనిపిస్తే అది పట్టలేదన్నమాట, కరెంటు కొద్దిగా పెంచి మళ్ళీ చేయండి. అతుకు నిలిచి పక్కన రేకు చిరిగితే పట్టినట్టు. వరుసగా పది ముక్కలు అలా వచ్చాక చేతక్ ఫ్లోరుబోర్డు మీద చెయ్యి పెట్టండి.