ఇంటికి తీసుకుపొమ్మన్నాక కూడా వైద్యం ఉంది

ప్రశ్న: మాది బద్వేలు పక్కన పల్లె. మా నాయనకు నోటి కేన్సర్ ముదిరింది. ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. రాత్రిళ్లు నొప్పికి అరుస్తాండాడు. మార్ఫిన్ ఇంట్లో పెట్టుకుంటే పోలీసు కేసవుతుందని భయపెడతాండారు. నన్ను మళ్లీ ఐసీయూలో వేసి గొట్టాలు పెట్టించొద్దని నాయన మొత్తుకుంటాండాడు. మేమేం చేయాల?

జవాబు: జబ్బు నయం కాదన్నారు సరే, నొప్పి తగ్గదని మాత్రం అనుకోకండమ్మా. నొప్పి, ఆయాసం, పుండ్లు చూసే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. ఆఖరి నెలల్లో చేసేది హాస్పిస్ సేవ. హైదరాబాదులో స్పర్శ్ హాస్పిస్ లాంటి చోట పడకలుంటాయి. మీకు అంతదూరం అక్కర్లేదు, ఇంట్లోనూ ఈ సేవ చేయవచ్చు.

ముందు డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టు చేతిలో పెట్టుకోండి. ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. వాటితో బద్వేలు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి పాలియేటివ్ కేర్‌కు రాసివ్వమని అడగండి. అక్కడ కుదరకపోతే కడప పెద్దాసుపత్రికి పంపమనండి. మీ ఊరి ఆశా కార్యకర్తకూ చెప్పండి, మంచాన పడినవాళ్ల సంగతి చూడటం ఆమె పనిలో భాగమే.

ఇక మార్ఫిన్. 1985 మత్తుమందుల చట్టానికి జడిసి డాక్టర్లే రాసేవారు కాదు. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు ఒకే అనుమతితో మార్ఫిన్‌ను ఉంచుకునే వీలు కల్పించింది. ప్రతి మందుల షాపులో దొరకదు. డాక్టరు రాసిచ్చింది ఇంట్లో పెట్టుకోవడానికి మీకు ఏ లైసెన్సూ అక్కర్లేదు, చీటీ, బిల్లు దగ్గరుంచుకుంటే చాలు. పిల్లలకు అందకుండా తాళం వేయండి, ఇరుగుపొరుగుకు ఇవ్వకండి. మలబద్ధకం తప్పక వస్తుంది, దానికీ మందు అడగండి.

గొట్టాల సంగతి. నాయనకు తెలివి ఉన్నంతవరకు వద్దనే హక్కు ఆయనదే. తెలివి తప్పాక ఎలాగంటే, 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ముందస్తు వైద్య నిర్దేశాన్ని, అంటే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితాన్ని గుర్తించింది. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాల్సి వచ్చేది. పల్లెల్లో అదెవరికి సాధ్యం? 2023 జనవరి 24న దాన్ని సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చాలు. తన తరఫున ఎవరు నిర్ణయించాలో అందులో పేరు రాయించాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి. లేకుంటే ముసలాయనతో ఆస్తి కాగితం రాయించుకున్నారనే మాట పుడుతుంది.

ఇంజెక్షనుతో ప్రాణం తీయడం నేరమే, గొట్టాలు వద్దనడం అది కాదు. వెంటిలేటరు వద్దన్నంత మాత్రాన నొప్పి మందు ఆపకూడదు. ఐసీయూలో తెలివి లేని స్థితిలో చికిత్స ఆపాలంటే రెండు వైద్య బోర్డులు ఒప్పుకోవాలి. నాయన ఇష్టప్రకారం ఇంట్లోనే ఉంచుకుంటే ఆ బోర్డులతో మీకు పనే లేదు.