బండి టైరు ఎంతకాలం? మార్చవలసిన సమయం ఎప్పుడు?



షుగరు వ్యాధి ఉన్నవారికి మేము తరచుగా చెప్పే మాట ఒకటుంది: రోజూ అరికాళ్లు చూసుకోండి అని. కాలికి చిన్న పగులు వచ్చినా నొప్పి తెలియదు, తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఈ నెల పాఠంలో మీ ఇంటిల్లిపాదినీ మోసే మరొక అరికాలిని గూర్చి చెప్పదలచాము. అది మీ మోటారు సైకిలు టైరు. దానికి కూడా నొప్పి తెలియదు.

ఆరోగ్య పత్రికలో టైర్ల సంగతి ఎందుకు అని కొందరు అడగవచ్చు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో ప్రతి వందమందికి సుమారు 44 మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. అన్నిటికీ టైరే కారణమని మేము అనడం లేదు. అతివేగం, మద్యం, హెల్మెట్ లేకపోవడం పెద్ద కారణాలు. అయితే ఇంటి ముందే, పగటి వెలుతురులో, ఖర్చు లేకుండా ముందుగా కనిపెట్టగల కారణాలలో టైరు ఒకటి.

టైరు చేసే పని

బండి ఎంత పెద్దదైనా ఒక్కొక్క టైరు రోడ్డును తాకే చోటు మన అరచేతికి మించదు. మలుపు తిరిగినా, బ్రేకు వేసినా భారమంతా ఆ కాస్త రబ్బరు మీదే ఉంటుంది. టైరు మీది గళ్లు అందం కోసం కాదు. వాన పడినప్పుడు చక్రం కింది నీటిని పక్కకు నెట్టి, రబ్బరును రోడ్డుకు ఆనించడానికి. గళ్లు అరిగితే నీరు రబ్బరుకూ రోడ్డుకూ మధ్య పొరలా నిలిచిపోతుంది. బ్రేకు బాగానే ఉంటుంది, చక్రమూ ఆగుతుంది, బండి మాత్రం ఆగదు.

అప్పుడు తగిలే దెబ్బలు ఎలాంటివో వైద్యులకు తెలుసు. నడిపేవారు పడుతూ చేయి ఆనిస్తారు, మణికట్టు లేదా మెడ దగ్గరి కాలరు ఎముక విరుగుతుంది. వెనుక ఒక పక్కకు కూర్చున్న స్త్రీకి పట్టు తక్కువ. ఆమె వెనక్కు పడితే తల ముందుగా నేలకు తగులుతుంది.

టైరుకు రెండు వయసులు

టైరు వయసును రెండు విధాలుగా లెక్కించాలి. ఒకటి తిరిగిన దూరం, రెండవది గడచిన సంవత్సరాలు. ఏది ముందుగా పూర్తయితే అప్పుడే మార్చాలి.

సాధారణ మోటారు సైకిలు వెనుక టైరు సుమారు 15 నుండి 25 వేల కిలోమీటర్లు వస్తుంది. ముందు టైరు అంతకంటే కొంత ఎక్కువ వస్తుంది. మైపాడు నుండి నెల్లూరు సుమారు 25 కిలోమీటర్లు. పని కోసం రోజూ వెళ్లి వచ్చేవారికి 50 కిలోమీటర్లు. నెలకు 25 రోజులైతే సంవత్సరానికి 15 వేలు. అంటే ఒకటి, ఒకటిన్నర సంవత్సరంలోనే వెనుక టైరు మార్పుకు వస్తుంది.

ఇక ఆదివారం ఆరాధనకు మాత్రమే బండి తీసే పెద్దవారిని చూడండి. రానూపోనూ 10 కిలోమీటర్లు అనుకుంటే సంవత్సరానికి 520 కిలోమీటర్లే. పది సంవత్సరాలైనా గళ్లు కొత్తవిగానే కనబడతాయి. కాని రబ్బరు ఎండకు, గాలికి, వేడికి తన మెత్తదనం పోగొట్టుకుని గట్టిబడుతుంది, పగుళ్లిస్తుంది. గట్టిబడిన రబ్బరు తడి రోడ్డును పట్టుకోలేదు. అందుచేత ఐదు సంవత్సరాలు దాటిన టైరును ఏటా మెకానిక్కుకు చూపించాలి. పది సంవత్సరాలు దాటితే ఎంత బాగా కనిపించినా వాడకూడదు.

టైరు ఎప్పుడు తయారైందో దాని పక్క భాగం మీదే నాలుగు అంకెలుగా ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఒక పక్క కనబడకపోతే రెండవ పక్క చూడండి.

మన తీరప్రాంతంలో ప్రత్యేకం

నెల్లూరు ఎండలను గూర్చి మీకు చెప్పనక్కరలేదు. ఆ ఎండలో రోజంతా నిలిపిన బండి టైరు త్వరగా ముసలిదవుతుంది. వీలైనంతవరకు నీడలో ఉంచండి.

సముద్రపు ఉప్పుగాలికి రిమ్ము, పుల్లలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన రిమ్ము లోపలి ట్యూబును కోస్తుంది. ఒడ్డుకు వెళ్లి వచ్చిన రోజున చక్రాలను మంచినీటితో కడగండి.

చేపల పెట్టెలు, రొయ్యల మేత బస్తాలు, పాల క్యాన్లు మోపెడ్ మీద వేసుకుని వెళ్లేవారు మనలో ఎందరో ఉన్నారు. ఆ బరువంతా వెనుక టైరు మీదే పడుతుంది. పై లెక్క కంటే ముందే అది అరిగిపోతుంది. కంకర గట్ల మీద తిరిగే బండ్లకూ అంతే.

మనకు ఎక్కువ వాన అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ఆ రోజులలోనే సెమీ క్రిస్మస్ కూటములకు, క్యారల్స్‌కు మన యౌవనస్థులు రాత్రివేళ బండ్ల మీద తిరుగుతారు. కనుక ప్రతి సంవత్సరం సెప్టెంబరులోనే టైర్లు చూసుకోవడం మంచిది.

గాలి సంగతి

మనకు బి.పి. ఎంత ముఖ్యమో టైరుకు గాలి అంత ముఖ్యం. తక్కువైతే టైరు పక్కలు నలిగి, వేడెక్కి, అంచులు అరుగుతాయి. ఎక్కువైతే మధ్యభాగం అరుగుతుంది, పట్టు తగ్గుతుంది. మీ బండికి ఎంత గాలి ఉండాలో దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లకు చెయిను కవరు దగ్గర స్టిక్కరు కూడా ఉంటుంది. ఒక్కరే వెళ్లేటప్పుడు ఒక లెక్క, వెనుక మరొకరు కూర్చుంటే వెనుక టైరుకు వేరొక లెక్క ఉంటుంది. వారానికొకసారి, టైరు చల్లగా ఉన్నప్పుడే చూపించండి. వేలితో నొక్కి చూస్తే సరిగా తెలియదు.

మార్చవలసిన గుర్తులు

1. టైరు గళ్ల లోతులో అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి. పై రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు పని పూర్తయినట్టే. గట్టు ఎక్కడుందో టైరు పక్కన చిన్న త్రికోణం గాని, టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలు గాని చూపిస్తాయి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 94వ నియమం ప్రకారం ద్విచక్ర వాహనానికి గళ్ల లోతు కనీసం 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. ఇది చివరి హద్దు మాత్రమే. వానకాలం ముందు అంతవరకు ఆగవద్దు.

2. పక్కలలో పగుళ్లు, ఉబ్బు, లేదా లోపలి దారాలు బయటపడటం. ఉబ్బు గాని దారాలు గాని కనబడితే ఆ బండిని ఇక నడపవద్దు.

3. మధ్యభాగం చదునై, మలుపులలో బండి తడబడటం.

4. మాటిమాటికీ పంక్చర్లు పడటం, లేదా టైరు పక్క భాగం కోసుకుపోవడం. పక్క భాగానికి వేసిన అతుకు నిలవదు.

కొందరు నున్నబడిన టైరుకు కత్తితో మళ్లీ గళ్లు కోయిస్తారు. దీనితో ఉన్న కొద్ది రబ్బరు ఇంకా పలుచనవుతుంది. అలా చేయించవద్దు. ముందు టైరు అంతగా అరగదులే అని దానిని మరచిపోవద్దు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. అది జారితే బండిని నిలబెట్టుకోవడం చాలా కష్టం.

కొత్త టైరు కొనేటప్పుడు

పాత టైరు మీద ఉన్న కొలతే అడగండి. ఉదాహరణకు 80/100-18 అని, పక్కనే 47 పి అని ఉందనుకోండి. 80 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 100 అంటే వెడల్పులో నూటికి ఎంత ఎత్తో ఆ లెక్క, 18 రిమ్ము అంగుళాలు. 47 అంటే ఆ టైరు 175 కిలోల వరకు మోయగలదని, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకోగలదని అర్థం. తయారైన తేదీ చూడండి. బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే వైపుకే బిగించమనండి. ట్యూబు టైరైతే ట్యూబు కూడా మార్చండి. కొత్త టైరు పైన నున్నగా ఉంటుంది, కనుక మొదటి వంద, నూట యాభై కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి.

వెనుక టైరు ధర సుమారు రెండు వేల రూపాయలు. ఒకేసారి తీయాలంటే కష్టమే, మేము ఎరుగుదుము. కాని రోజుకు 50 కిలోమీటర్లు తిరిగే బండి టైరు 20 వేల కిలోమీటర్లు వస్తే, అది 400 రోజుల పని. రోజుకు ఐదు రూపాయలు డబ్బాలో వేస్తే చాలు. టైరు అరిగేలోగా డబ్బు సిద్ధంగా ఉంటుంది.

వాక్యములో నుండి

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనంలో, కొత్త ఇల్లు కట్టుకునేవాడు మేడమీద పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవరైనా పడి మరణిస్తే ఆ దోషం ఇంటివారి మీదికి వస్తుంది. పడిన తరువాత ఏడవడం కాదు, పడకముందే గోడ కట్టడం దేవుడు కోరినది. ప్రార్థన చేసి బయలుదేరడం మంచి అలవాటు. టైరు చూసుకుని, ప్రార్థన చేసి బయలుదేరడం ఇంకా మంచిది. వెనుక కూర్చున్న భార్యకు, ముందు కూర్చున్న బిడ్డకు టైరు ఎలా ఉందో తెలియదు. వారు మనలను నమ్మి ఎక్కుతారు.

ఇంటిలో చేయవలసినవి

1. ఈ ఆదివారం ఆరాధనకు బయలుదేరే ముందు రెండు టైర్ల మీద నాలుగు అంకెలు వెతికి రాసుకోండి. పిల్లలచేత వెతికించండి.

2. గళ్లలోని గట్టు ఎంత దూరంలో ఉందో చూడండి.

3. మీ వీధిలో వంటరిగా ఉండే పెద్దవారి బండి ఉంటే, వారి టైర్లు కూడా చూసిపెట్టండి.

4. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి. ప్రమాదం జరిగితే వెంటనే 108కి ఫోను చేయండి.

ప్రభువు మీ రాకపోకలలో మిమ్మును కాపాడును గాక.