‘క్లియర్డ్ టు ల్యాండ్’ – మూడు మాటల వెనుక ఉన్న నియమాలు



ఆకాశంలో విమానం చప్పుడు వినబడితే తల ఎత్తి చూడని వారు మన హాస్టల్లో ఉండరు. కానీ ఆ విమానం ఎవరి అనుమతితో నేల మీదికి దిగుతుందో మన పాఠ్యపుస్తకాలలో ఉండదు. తిరువూరు నుంచి విజయవాడ చేరి, ఏలూరు వైపు బస్సు ఎక్కితే గన్నవరం విమానాశ్రయం వస్తుంది. దానినే ఉదాహరణగా తీసుకుని, చిన్న విమానం నడిపే ప్రైవేటు పైలట్ దిగేటప్పుడు పాటించవలసిన నియమాలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ప్రైవేటు పైలట్ అంటే ఎవరు?

జీతం గాని, కిరాయి గాని తీసుకోకుండా విమానం నడపడానికి లైసెన్సు పొందినవారు ప్రైవేటు పైలట్. మన దేశంలో ఈ లైసెన్సును డి.జి.సి.ఎ. ఇస్తుంది. 17 సంవత్సరాలు నిండాలి. పదవ తరగతి పాసై ఉండాలి. వైద్య పరీక్షలో నెగ్గాలి. కనీసం 40 గంటలు విమానం నడిపిన అనుభవం ఉండాలి. రాతపరీక్షలు, రేడియోలో మాట్లాడే పరీక్ష కూడా ఉంటాయి. ఖర్చు లక్షలలో అవుతుంది కనుక ఇది మనవంటి వారికి సులభం కాదు. అయినా అసాధ్యం కాదు. హైదరాబాద్ పాతబస్తీకి చెందిన బేకరీ కార్మికుని కుమార్తె సయ్యిదా సల్వా ఫాతిమా బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీలో నేర్చుకుని, ఇంకా పై మెట్టు అయిన కమర్షియల్ పైలట్ లైసెన్సు సాధించారు.

అనుమతి ఎందుకు?

రైల్వేలో ముందు స్టేషన్ నుంచి ‘లైన్ క్లియర్’ రానిదే స్టేషన్ మాస్టరు రైలును పంపడు. రన్‌వే కూడా అంతే. ఒక సమయంలో ఒక విమానానికే అది సొంతం. ఆ హక్కును ఎవరికి ఇవ్వాలో కంట్రోల్ టవర్‌లోని అధికారి నిర్ణయిస్తారు. టవర్ లేని చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లలో అనుమతి ఇచ్చేవారు ఉండరు. అక్కడ పైలట్ తాను ఎక్కడ ఉన్నాడో రేడియోలో చెబుతూ, నలుదిక్కులా చూసుకుని దిగాలి.

గన్నవరం రన్‌వే పేరు 08/26. తూర్పు వైపు, అంటే సుమారు 80 డిగ్రీల దిక్కుకు ముఖం పెట్టి దిగితే 08. పడమర వైపు, సుమారు 260 డిగ్రీల దిక్కుకు దిగితే 26. రన్‌వే ఒక్కటే, పేర్లు రెండు. విమానం గాలికి ఎదురుగా దిగాలి కనుక ఆనాటి గాలిని బట్టి ఏ వైపు వాడాలో నిర్ణయిస్తారు.

సంభాషణ ఎలా ఉంటుంది?

చిన్న విమానం మొదట రన్‌వేకు సమాంతరంగా, దిగే దిక్కుకు వ్యతిరేకంగా వెళుతుంది. దీనిని డౌన్‌విండ్ అంటారు. తరువాత అడ్డంగా తిరగడం బేస్. చివరికి రన్‌వేకు ఎదురుగా రావడం ఫైనల్. ఈ దశలను పైలట్ టవర్‌కు తెలుపుతాడు. అప్పుడు టవర్ ఇలా అంటుంది:

“విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ, రన్‌వే టూ సిక్స్, విండ్ టూ ఫైవ్ జీరో డిగ్రీస్ ఎయిట్ నాట్స్, క్లియర్డ్ టు ల్యాండ్.”

అంటే 250 డిగ్రీల దిక్కు నుంచి గంటకు సుమారు 15 కిలోమీటర్ల గాలి వీస్తోంది, 26వ రన్‌వే మీద దిగవచ్చు అని అర్థం. పైలట్ వెంటనే తిరిగి చెప్పాలి:

“రన్‌వే టూ సిక్స్, క్లియర్డ్ టు ల్యాండ్, విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ.”

గుర్తుంచుకోవలసిన నియమాలు

1. రన్‌వే నంబరు, దిగే అనుమతి తప్పక తిరిగి చెప్పాలి. ‘ఓకే’, ‘రోజర్’ అంటే చాలదు. దీనిని రీడ్‌బ్యాక్ అంటారు. గాలి వివరాలు తిరిగి చెప్పనవసరం లేదు.

2. ‘కంటిన్యూ అప్రోచ్’ అంటే రావచ్చు అని మాత్రమే. దిగవచ్చు అని కాదు.

3. రన్‌వే దగ్గరికి వచ్చినా అనుమతి రాకపోతే దిగకూడదు. ఇంజను శక్తి పెంచి, పైకి లేచి, మళ్లీ చుట్టు తిరిగి రావాలి. ఇదే ‘గో అరౌండ్’.

4. అంతర్జాతీయ నియమాల ప్రకారం ముందు దిగే విమానం రన్‌వే మొదలును దాటనిదే వెనుక విమానానికి దిగే అనుమతి ఇవ్వరాదు. అమెరికాలో మాత్రం వరుసలో ఉన్న విమానాలకు ముందుగానే ఇచ్చే పద్ధతి ఉంది.

5. అనుమతి అంటే ఆజ్ఞ కాదు. రన్‌వే మీద కుక్క కనబడినా, గాలి అదుపు తప్పించినా పైలట్ గో అరౌండ్ చేయవచ్చు. విమానం భద్రతపై తుది నిర్ణయం పైలట్‌దే.

రేడియో పాడైతే?

అప్పుడు టవర్ దీపంతో మాట్లాడుతుంది. నిలకడగా ఆకుపచ్చ వెలిగితే దిగవచ్చు. నిలకడగా ఎరుపు వెలిగితే వేరొక విమానానికి దారి ఇచ్చి చుట్టు తిరుగుతూ ఉండాలి. ఆకుపచ్చ మినుకుమంటే దిగడానికి తిరిగి రావాలి, అయితే దిగే అనుమతి తరువాత వస్తుంది. ఎరుపు మినుకుమంటే ఇక్కడ దిగడం క్షేమం కాదు. పైలట్ పగలైతే రెక్కలు ఊపి, రాత్రి అయితే ల్యాండింగ్ లైట్లు రెండుసార్లు వెలిగించి ‘అర్థమైంది’ అని తెలపాలి.

ఒక మాట తప్పుగా అర్థమైతే?

2024 జనవరి 2న జపాన్‌లోని హనేడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం సక్రమమైన అనుమతితోనే దిగింది. అదే సమయంలో భూకంప బాధితులకు సామగ్రి తీసుకెళ్లవలసిన కోస్ట్ గార్డ్ విమానం రన్‌వే మీద నిలబడి ఉంది. దానికి టవర్ చెప్పింది ‘నంబర్ వన్’, రన్‌వే బయట ఆగే చోటికి రమ్మని మాత్రమే. పైలట్ ఆ మాటలను సరిగానే తిరిగి చెప్పాడు. కానీ రన్‌వే మీదికి వెళ్లడానికి అనుమతి వచ్చిందని భావించాడు. రెండు విమానాలు ఢీకొన్నాయి. పెద్ద విమానంలోని 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. కోస్ట్ గార్డ్ విమానంలోని ఆరుగురిలో ఐదుగురు మరణించారు. ఆ తరువాత జపాన్‌లో ‘నంబర్ వన్’ వంటి వరుస సంఖ్యలు చెప్పడం కొంతకాలం ఆపివేశారు.

నోటితో అప్పజెప్పడం వేరు, అర్థం చేసుకోవడం వేరు అని ఈ ప్రమాదం చెబుతోంది.

మనం నేర్చుకోవలసింది

వినబడకపోయినా, అర్థం కాకపోయినా పైలట్ ‘సే అగైన్’ అనాలి. ఎన్ని వేల గంటలు నడిపిన పైలట్‌కైనా ఇదే మాట. అలా అడిగినవారిని చూసి ఎవరూ నవ్వరు. ఎందుకంటే అడగకపోతే పోయేది ప్రాణాలు.

తమ్ముళ్లారా! తెలుగు మీడియం నుంచి కాలేజీకి వెళ్లాక ఇంగ్లీషులో పాఠం అర్థం కాకపోయినా తల ఊపి ఊరుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఇంట్లో చదువుకున్నవారు లేక, మొదటి డిగ్రీ తామే తెచ్చుకోవలసిన వారికి అడగడానికి వేరే మనిషి కూడా ఉండడు. అందుకే క్లాసులోనే అడగాలి. రేపు మీలో ఎవరైనా గన్నవరం రన్‌వే మీద విమానం దింపవచ్చు. ఆ రోజు రేడియోలో మీ గొంతు స్పష్టంగా పలకాలంటే, ఈ రోజు చివరి బెంచీ నుంచి చేయి ఎత్తి “సార్, మళ్లీ చెప్పండి” అనడం అలవాటు చేసుకోవాలని కోరుకుంటున్నాము.